వానలో కొట్టిన ప్రైమర్ గరుక్కాయితంలా అయ్యింది, 20 ఓర్కుల్ని కాపాడే దారి చెప్పండి

కాకినాడ కాజా:
అన్నలూ అక్కలూ, ఇక్కడ మొదటిసారి అడుగుతున్నా, పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఆర్నెల్లు డబ్బులు దాచుకుని వార్‌హామర్ 40,000 (చిన్న బొమ్మల సైన్యాలతో టేబుల్ మీద ఆడే యుద్ధం ఆట) లో ఓర్కులనే పచ్చ రాక్షసుల కంబాట్ పెట్రోల్, అంటే చిన్న సైన్యం పాత బాక్సు సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, 20 మంది బాయ్స్ అనే మామూలు సైనికులు, మూడు డెఫ్‌కాప్టర్లనే చిన్న హెలికాప్టర్లు, డెఫ్ డ్రెడ్ అనే నడిచే ఇనప యంత్రం ఒకటి, బరువు కవచం వేసుకున్న నాయకుడు వార్‌బాస్. బాయ్స్ అందర్నీ అతికించేసి మొన్నాదివారం మేడ మీద నల్ల స్ప్రే ప్రైమర్, అదే రంగుకి ముందు వేసే పూత, కొట్టా. పొద్దున వాన పడి తెరిపిచ్చింది, ఎండ లేదు, చల్లగా ఉంది కదా ఇదే మంచి టైమ్ అనుకున్నా. ఆరాక చూస్తే ఒళ్ళంతా గరుకు, పైన సున్నప్పొడి చల్లినట్టు తెల్లగా తేలింది, మొహాల్లో పళ్ళు కూడా సరిగ్గా కనపడట్లా. ఏడుపొక్కటే తక్కువ. దీని మీదే రంగు వేసేస్తే కప్పేస్తుందా, లేక కడగాలా? కడగాలంటే ఇంట్లో టర్పెంటైన్ ఉంది, మా అక్క నెయిల్ పాలిష్ రిమూవర్ ఉంది, ఏది వాడాలి? ఇంకోటి, డెఫ్ డ్రెడ్ ఇంకా అతికించలేదు, దాన్ని కన్వర్ట్ చెయ్యాలనుంది, అంటే నాకు నచ్చినట్టు మార్చాలని, బొమ్మలు మలిచే గ్రీన్ స్టఫ్ ముద్ద బదులు ఎం-సీల్ పనికొస్తుందా? వచ్చే నెల ఫ్రెండ్‌తో మొదటి గేమ్.

పాత బ్రష్ (విశాఖ):
తమ్ముడూ, ముందు ఆ నెయిల్ పాలిష్ రిమూవర్ సీసా అక్కకి ఇచ్చెయ్, బొమ్మల దగ్గరికి కూడా రానివ్వకు. అందులో ఎసిటోన్ ఉంటుంది. థర్మోకోల్ మీద పెట్రోల్ పోస్తే ఎలా కుంగిపోయి జిగురైపోతుందో చూసే ఉంటావు, మన బొమ్మల ప్లాస్టిక్ కూడా ఆ జాతిదే, పాలీస్టైరీన్, కాకపోతే గాలి బుడగల్లేకుండా గట్టిగా పోత పోసింది. ఎసిటోన్‌లో వేస్తే రంగుతో పాటు ఓర్కు కూడా పోతాడు. టర్పెంటైన్ కూడా వద్దు, ప్లాస్టిక్ మెత్తబడే ప్రమాదం ఎందుకు తెచ్చుకోవడం.

నీ తప్పు పెద్దదేం కాదు, మన కోస్తాలో బొమ్మలకి రంగులేసే ప్రతివాళ్ళకీ ఒక వానాకాలం ఇది జరిగే తీరుతుంది. ఎండ లేకపోవడం మంచిదే కానీ గాలిలో తేమ చూసుకోవాలి. వాన తెరిపిచ్చిన గంటలో మన దగ్గర తేమ 85, 90 శాతం ఉంటుంది, స్ప్రే ప్రైమర్‌కి 70 దాటితేనే భయపడాలి. తేమ తగిలిన రంగు సాఫీగా పరుచుకోకుండా పొడిపొడిగా దిగుతుంది, తెల్లగా తేలుతుంది. మే నెల ఎండలో కొట్టినా గరుకే వస్తుంది కానీ దానికి కారణం వేరు, రంగు చుక్కలు బొమ్మని చేరేలోపు గాల్లోనే ఆరిపోతాయి, డబ్బా దూరం పట్టుకుంటే ఇంకా ఎక్కువ.

పైన రంగు వేస్తే కప్పదు, గరుకు ఇంకా బయటపడుతుంది. కడగాల్సిందే. డెటాల్ తెచ్చుకో, మామూలు దెబ్బలకి వాడే కాఫీ రంగు డెటాలే, సబ్బు కాదు, హ్యాండ్‌వాష్ కాదు. నీళ్ళు కలపకుండా మూతున్న గాజు సీసాలో పోసి ఒక్క బొమ్మని, ఒక్కటంటే ఒక్కటే, రాత్రంతా నానబెట్టు. పొద్దున గ్లవ్స్ వేసుకుని పాత టూత్ బ్రష్‌తో రుద్దు. ఇక్కడే అందరూ దెబ్బ తినేది, బయటికి తియ్యగానే కుళాయి కింద పెట్టేస్తారు, డెటాల్‌కి నీళ్ళు తగలగానే ఊడిన రంగంతా తారులాంటి జిగురైపోయి మళ్ళీ బొమ్మకే అంటుకుంటుంది. అందుకని బ్రష్‌ని కూడా డెటాల్‌లోనే ముంచి రుద్దు, రంగంతా వదిలాక ఇంకోసారి శుభ్రమైన డెటాల్‌లో జాడించు, ఆ తర్వాతే విమ్ లిక్విడ్, నీళ్ళు. కిటికీ తెరిచి చెయ్యి, ఇల్లంతా రెండ్రోజులు హాస్పిటల్ వాసన వస్తుంది, ఇంట్లో ముందే చెప్పు.

ఓరుగల్లు:
అక్క చెప్పింది కరెక్టే గానీ తమ్మీ, ఆ వాసన మా ఇంట్ల ఎవ్వలూ పడలే, నేను ఐపీఏ వాడుత. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సెల్‌ఫోన్ రిపేర్ జేసేటోళ్ళు బోర్డులు కడగనీకి వాడుతరు గదా, గదే. ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల అడుగు, ఇస్తరు. రెండు మూడు గంటలు నానబెట్టి రుద్దితే అక్రిలిక్ ప్రైమర్ పొరలు పొరలు వస్తది, నీళ్ళతోని కడిగినా జిగురు గాదు. రోజులు రోజులు మాత్రం అండ్లనే ఇడ్శిపెట్టకు, ప్లాస్టిక్ పెళుసైతది. జల్ది అంటుకునే సరుకు, పొయ్యి కాడ, అగర్‌బత్తీల కాడ పెట్టకు. ఇంగో మాట, నువ్వు ఫెవిక్విక్‌తోని అతికిచ్చినవా, ప్లాస్టిక్ సిమెంట్‌తోనా? సిమెంట్ అయితే రెండు ముక్కలను కరిగిచ్చి ఒక్కటి జేస్తది, ఏం గాదు. ఫెవిక్విక్ అయితే నానినంక చేతులు తలకాయలు ఊడుతయి, భయపడకు, మళ్ళ అతికిచ్చుకోవచ్చు. అతికిచ్చేముందు ఆ జాగల రంగు గీకు, రంగు మీద సిమెంట్ పట్టది.

కాకినాడ కాజా:
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. కొన్ని ఫెవిక్విక్, కొన్ని సిమెంట్. ఫెవిక్విక్ పెట్టిన చోట చుట్టూ తెల్లగా పొగ పట్టినట్టు వచ్చింది, అదీ తేమ వల్లేనా? ఇంకో డౌట్, కడిగాక మళ్ళీ స్ప్రేనేనా, వానలు దసరా దాకా ఉంటాయి కదా, అప్పటిదాకా ఆగాలా?

పాత బ్రష్ (విశాఖ):
అదీ తేమే. ఆ గమ్ గట్టిపడేదే గాలిలో తడితో, తడి ఎక్కువై గమ్ కూడా ఎక్కువ పెడితే దాని ఆవిరి చుట్టూ తెల్లగా దిగుతుంది. రంగు కింద పోతుందిలే, ఈసారి అగ్గిపుల్ల కొనతో చుక్కంత పెట్టు.

ఆగక్కర్లేదు, స్ప్రే మానెయ్. నేను జూన్ నుంచి అక్టోబర్ దాకా డబ్బా ముట్టుకోను. వల్లేహో అనే రంగుల కంపెనీ వాళ్ళ సర్ఫేస్ ప్రైమర్ సీసాల్లో వస్తుంది, నలుపు కొనుక్కో, బ్రష్‌తో వెయ్యి. రెండు పల్చటి పూతలు, మధ్యలో పూర్తిగా ఆరనివ్వు, మొదటి పూతకి ప్లాస్టిక్ అక్కడక్కడా కనపడుతుంది, కనపడనీ, ఒక్క పూతలోనే కప్పెయ్యాలని మందంగా వేస్తే పళ్ళు మళ్ళీ పూడిపోతాయి. 20 బొమ్మలకి ఒక సాయంత్రం పడుతుంది. దీన్లో లాభం ఏంటంటే చంకల్లో, తుపాకి వెనకాల స్ప్రే ఎప్పుడూ చేరని చోటుకి కూడా బ్రష్ చేరుతుంది.

నల్లగా ఆరాక ఫ్యాన్సీ షాపులో దొరికే మేకప్ బ్రష్ ఒకటి, మెత్తటి గుండ్రటిది, కొనుక్కో. బూడిద రంగు ముంచి, కాగితం మీద తుడిచి తుడిచి ఇంక రంగు లేదు అనిపించాక బొమ్మ మీద పైనుంచి కిందికి తేలిగ్గా ఆడించు, ఎత్తుగా ఉన్న చోట్లే పట్టుకుంటుంది. తర్వాత తెలుపు, ఇంకా తక్కువ, తల, భుజాల మీద మాత్రమే. ఇప్పుడు సిటడెల్ కంపెనీ కాంట్రాస్ట్ రంగుల్లో ఓర్క్ ఫ్లెష్ అని పచ్చ రంగు ఒకటుంది, కాంట్రాస్ట్ రంగులు 2019 లో వచ్చినప్పటి నుంచీ ఉన్న షేడే, అది చర్మం మీద ఒక్క పూత వేస్తే గుంటల్లో ముదురు, ఎత్తుల్లో లేత దానంతటదే పడుతుంది. ఎక్కడైనా చుక్కలా నిలిస్తే ఖాళీ బ్రష్‌తో పీల్చెయ్. వానాకాలంలో ఇది ఆరడానికి టైమ్ తీసుకుంటుంది, ముట్టుకుని చూడాలనిపిస్తుంది, ముట్టుకోకు.

నాటింగ్‌హామ్ నుంచి:
ఈ ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ ఉన్న ఊళ్ళోనే చదువుతున్నా, వాళ్ళ ఎగ్జిబిషన్ వార్‌హామర్ వరల్డ్‌కి మా రూమ్ నుంచి బస్సులో పోవచ్చు. అక్కడ అద్దాల వెనక యుద్ధ దృశ్యాల్లా పేర్చిన బొమ్మలు, డయోరామాలు చూస్తే ఇంటికొచ్చి మన బొమ్మలు చూసుకోబుద్ధి కాదు, రెండ్రోజులకి మళ్ళీ బ్రష్ పడతాం. ఇక్కడ కూడా ఇదే గొడవ బ్రో, ఏడాదంతా తుంపరే కదా, చలికాలం అయితే స్ప్రే డబ్బాని గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు పెట్టి వాడేవాళ్ళున్నారు, వేడి నీళ్ళు కాదు సుమా. ఒక్క విషయం చెప్పాలి, నువ్వు ఎప్పుడైనా ఎండాకాలం పొద్దున్నే స్ప్రే కొట్టినా ముందు స్ప్రూ (బొమ్మ ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము) ముక్క మీద కొట్టి, ఆరాక గోరుతో గీకి చూడు, డబ్బా రెండు నిమిషాలు ఊపు, జానెడు పైన దూరం పెట్టి చిన్న చిన్న విసుర్లుగా కొట్టు.

ఓరుగల్లు:
రంగులకు పైసలు తక్కువ ఉంటే ఫెవిక్రిల్ గూడ వాడొచ్చు తమ్మీ, అన్నిటికీ గాదు. అడుగు బేసులకు, టెర్రైన్‌కు, అంటే ఆటల పెట్టే గోడలకు గుట్టలకు, మస్తు. మొహాలకు మాత్రం వద్దు, ఎంత పల్చగ జేసినా పొర మందమే పడతది. సన్న పనికి నాలుగైదు మంచి సీసాలు కొను చాలు. రంగు ఆరకుండ ఉంచే వెట్ ప్యాలెట్ కొనకు, టిఫిన్ డబ్బల తడి స్పాంజి, దాని మీద బేకింగ్‌కు వాడే పార్చ్‌మెంట్ కాయితం, అంతే. మెరిశే బటర్ పేపర్ తెస్తే నీళ్ళు పీల్వది, సూస్కొని కొను. వానకాలం నాలుగొద్దులల్ల వాసనొస్తది, స్పాంజి కడిగి ఎండబెట్టు.

కాకినాడ కాజా:
ఒక్క బొమ్మ డెటాల్‌లో వేసి చూశా, మొత్తం వదిలింది!! పళ్ళు కనపడ్డాయి. మిగతా 19 ఈ రాత్రికి వేస్తున్నా. ఇంక కన్వర్షన్ సంగతి చెప్పండి. నా ఐడియా ఏంటంటే డెఫ్ డ్రెడ్‌ని మన లారీలా చెయ్యాలి, ముందర నిమ్మకాయ మిరపకాయల దండ, పైన దిష్టిబొమ్మ మొహం, పక్కన రేకులు పాతవి కొట్టుకొచ్చి వేసినట్టు. ఓర్కుల్లో డెత్‌స్కల్స్ అనే తెగ వాళ్ళు నీలం రంగు అదృష్టం అని ఒంటికి పూసుకుంటారు, పక్కోళ్ళ సామాన్లు ఎత్తుకొచ్చి వాడతారు, అందుకే వాళ్ళని ఎంచుకున్నా.

పాత బ్రష్ (విశాఖ):
ఇది చదివి చాలా సంతోషం వేసింది తమ్ముడూ. ఓర్కులకి ఇంతకన్నా సరిపోయే ఆలోచన ఉండదు, అదృష్టాన్ని నమ్మే తెగ దిష్టి తియ్యకుండా యుద్ధానికి ఎందుకెళ్తుంది.

ఎం-సీల్ పనికొస్తుంది, ఎక్కడో తెలుసుకుని వాడు. అది రాయిలా గట్టిపడుతుంది, ఆరాక గరుక్కాయితంతో రుద్దుకోవచ్చు, ఆకురాయి పెట్టొచ్చు, రేకులకీ, ఖాళీలు పూడ్చడానికీ, దిష్టిబొమ్మ గుండుకీ బ్రహ్మాండం. కానీ తొందరగా బిగుస్తుంది, అందుకని శనగగింజంత శనగగింజంత కలుపుకో. గ్రీన్ స్టఫ్ గట్టిపడినా రబ్బరులా కొంచెం వంగుతుంది, పని చెయ్యడానికి గంటకి పైనే టైమ్ ఇస్తుంది, గుడ్డ మడతలు, తాళ్ళు, సన్న వివరాలకి అదే. రుద్దడానికి మాత్రం పనికిరాదు. నీ దండకి గ్రీన్ స్టఫ్ చిన్న ముక్క ఎవరినైనా అడిగి తీసుకో. పాత కరెంటు వైరులో సన్న రాగి పోగు ఒకటి లాగి, ఆవగింజంత ఉండ చేసి గుచ్చు, అది నిమ్మకాయ. మిరపకాయలకి వేళ్ళు తడి చేసుకుని సన్నగా పాము, ఒక కొస సూదిగా లాగి వంచి, ఏడు పోగుకి అతికించు. సగం బిగిసేదాకా ఆగి అప్పుడు సూదితో తొడిమల గీత గియ్యి, పచ్చిగా ఉన్నప్పుడు గీస్తే ఉండంతా కదిలిపోతుంది.

రేకులకి వాడేసిన టాబ్లెట్ల షీట్ వెనక అల్యూమినియం, సిమ్ కార్డు ఊడదీసిన ప్లాస్టిక్ ఫ్రేము. గొట్టాలకి బాల్ పెన్ రీఫిల్ ముక్కలు, కేబుళ్ళకి తెగిన గిటార్ తీగ. వీటికి ప్లాస్టిక్ సిమెంట్ నమ్ముకోకు, ఫెవిక్విక్ వాడు.

ఓరుగల్లు:
డ్రెడ్ చేతులు పెద్దగుంటయి, బరువు పెంచినవంటే ఊడుతయి. ఒక మిల్లీమీటర్ డ్రిల్ బిట్టుతోని రెండు దిక్కులా బెజ్జం జేసి పేపర్ క్లిప్ తీగ ముక్క పెట్టి అతికియ్యి. చేతులు మార్చుకుందామంటే అయస్కాంతాలు, 5 మిల్లీమీటర్లయి, మొదలు దిక్కు సూస్కొని మార్కర్‌తోని చుక్క పెట్టు, తలకిందులు అతికిస్తే చెయ్యి దూరం ఉరుకుతది, నాకు అయ్యింది.

నాటింగ్‌హామ్ నుంచి:
గేమ్ మాట కూడా. ఎంత మార్చినా బేసు సైజు మార్చకు, బాయ్స్‌కి 32 మిల్లీమీటర్లే ఉంచు, దూరాలు కొలిచేది బేసు నుంచే. చేతిలో ఏ ఆయుధం కనపడుతుందో గేమ్‌లో కూడా అదే ఉంటే ఎదుటివాళ్ళకి అయోమయం ఉండదు. డ్రెడ్‌ని మరీ ఎత్తు చెయ్యకు, ఎవరికి ఎవరు కనపడతారన్న చూపు గీత బొమ్మని బట్టే చూస్తారు. కంబాట్ పెట్రోల్‌కి 44 బై 30 అంగుళాల చోటు చాలు, డైనింగ్ టేబుల్ సరిపోతుంది. ఇంకా రెండు బొమ్మలకే రంగు అయ్యిందని గేమ్ వాయిదా వెయ్యకు, నల్ల ప్రైమర్‌తో అయినా ఆడెయ్, ఆడితేనే మిగతా వాటికి రంగు వెయ్యాలనిపిస్తుంది.

కాకినాడ కాజా:
టెర్రైన్‌కి వినాయకచవితి మండపం థర్మోకోల్ మిగిలింది, గోడలు కోశా. దాని మీద నా స్ప్రే డబ్బా ఖాళీ చేసెయ్యొచ్చా?

పాత బ్రష్ (విశాఖ):
వద్దు వద్దు, పైన చెప్పిందే, స్ప్రేలో ఉండే ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుంది. ఫెవికాల్‌లో నల్ల ఫెవిక్రిల్, జల్లించిన ఇసుక కలిపి మందంగా పూసెయ్, పూర్తిగా ఆరాక బూడిద రంగు డ్రైబ్రష్, అదే ఇందాక చెప్పిన తుడిచేసిన బ్రష్‌తో ఆడించడం, అచ్చం సిమెంటు గోడే.

కాకినాడ కాజా:
మూడు వారాల తర్వాత వచ్చా. 20 కడగడం అయ్యింది, నాలుగు చేతులు ఊడితే అతికించా, బ్రష్ ప్రైమర్ అయ్యింది, 12 మందికి రంగు పూర్తి. డ్రెడ్‌కి దండ కట్టా, ఏడు మిరపకాయల్లో రెండు విరిగితే మళ్ళీ చేశా. మొన్న గేమ్ ఓడిపోయా, వార్‌బాస్ రెండో రౌండ్‌లోనే పోయాడు, డ్రెడ్ మాత్రం చివరిదాకా నిలబడింది, మా ఫ్రెండ్ ఆ దండ చూసి ఫోటోలు తీసుకున్నాడు. ఆఖరి డౌట్, రంగు చెరగకుండా మ్యాట్ వార్నిష్ స్ప్రే ఒకటి ఇంట్లో ఉంది, కొట్టెయ్యనా?

పాత బ్రష్ (విశాఖ):
బయట వాన పడుతుంటే ఆ డబ్బా అలమారులోనే ఉంచు తమ్ముడూ, ప్రైమర్‌కి జరిగిందే వార్నిష్‌కి జరుగుతుంది, ఈసారి తెల్లగా మబ్బు పట్టేది నీ రంగుల మీద. మ్యాట్ వార్నిష్ సీసా తెచ్చుకుని బ్రష్‌తో పల్చగా వెయ్యి, సీసా బాగా కుదుపు, నురగ రాకుండా నెమ్మదిగా. ముందు ఒక్క బాయ్ మీద వేసి తెల్లారి చూడు. డ్రెడ్‌కి అన్నిటికన్నా చివర, ఆ దండ కింద బ్రష్ తగలకుండా.