డిప్లెక్సర్, డూప్లెక్సర్: ‘పాయ’ అనే మాట పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. నేను రేడియో పరికరాల పనిలో ఉన్నాను. ఒక మాట విషయంలో మీ సాయం కావాలి.

వేర్వేరు ఫ్రీక్వెన్సీల సిగ్నళ్లను కలిపి ఒకే యాంటెన్నాకు పంపడానికి, వచ్చినవాటిని మళ్లీ విడదీయడానికి ఒక పెట్టె వాడతాం. లోపలంతా ఫిల్టర్లే. ఒక్కో ఫిల్టరు తన ఫ్రీక్వెన్సీని పోనిచ్చి తక్కినవాటిని ఆపుతుంది. దానికి కరెంటు కూడా అక్కర్లేదు. పేరు మల్టీప్లెక్సర్. బ్యాండ్ అంటే పక్కపక్కనున్న ఫ్రీక్వెన్సీల వరుస. రెండు బ్యాండ్లకైతే డిప్లెక్సర్, మూడింటికైతే ట్రిప్లెక్సర్. ఇవి కాక డూప్లెక్సర్ ఉంది. సెల్‌ఫోన్‌లో మన మాట బయటికి పోతూ, అవతలివాళ్ల మాట లోపలికి వస్తూ ఉంటే రెండూ ఒకే యాంటెన్నా దగ్గర కలబడకుండా చూసేది ఇదే.

డి, డూ. ఈ తేడా ఎంత పని చేసిందంటే, మా పాత ఆఫీసులో ఒకసారి ఆర్డరు ఫోన్‌లో చెప్పాం. కావలసింది 900, 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండూ ఒకే కేబుల్‌లో దింపడానికి డిప్లెక్సర్. అట్ట విప్పి చూస్తే లేబుల్ మీద 890–915, 935–960 అని ఉంది. రెండూ 900 బ్యాండులోవే, ఒకటి పోయేది, ఒకటి వచ్చేది. డూప్లెక్సర్ పంపారు. మళ్లీ తెప్పించుకునేదాకా మా అందరికీ టెన్షనే. తెలుగులో చెప్పుకుని ఉంటే ఈ పొరపాటు జరిగేదా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను.

మొన్న పొద్దున మా అమ్మాయికి జడ వేస్తుంటే తట్టింది. పాయలు తీస్తాం, అల్లుతాం, రాత్రికి విప్పేస్తాం. అల్లినంత మాత్రాన ఏ పాయా ఇంకో పాయలో కరిగిపోదు. మా పెట్టె చేసేదీ సరిగ్గా అదే! అందుకని రెండు పాయల పెట్టె, మూడు పాయల పెట్టె అంటే ఎలా ఉంటుంది? డూప్లెక్సర్‌ను మాత్రం రాకపోకల పెట్టె అనాలని నా కోరిక. అందులో ముఖ్యం రెండు బ్యాండ్లన్నది కాదు, ఒకటి పోయేది, ఒకటి వచ్చేది అన్నది.

*

వ్యాఖ్య: అమ్మా, ‘సంగమం’ అనే మంచి మాట ఉండగా పాయ ఎందుకు? పాయే కావాలంటే ‘పేట’ కూడా ఉంది కదా, మూడు పేటల తాడు అంటాం.

జవాబు: మాస్టారూ, సంగమం నాకూ ఇష్టమే. కానీ కృష్ణలో తుంగభద్ర కలిశాక ఏ నీళ్లు ఏవో మళ్లీ తీయలేం. మా సిగ్నళ్లు మళ్లీ విడిరావాలి. తాడు పేటలూ అంతే, ఒకసారి పేనాక ఎవరూ విప్పరు. జడ రోజూ విప్పుతాం. ఇంకో సంగతి చెప్పాలి. మల్టీప్లెక్స్‌లోని ‘ప్లెక్స్’కు లాటిన్‌లో మూలం మడత. అల్లడం, జడవేయడం అనే అర్థమున్న క్రియ కూడా దానికి చుట్టమే. తెలిసి వెతకలేదు గానీ, పాయ ఆ పాత అర్థం దగ్గరికే చేరింది.

*

వ్యాఖ్య: అక్కా, మాకు డిజిటల్ ల్యాబ్‌లో మక్స్ (మల్టీప్లెక్సరే) అని చెప్పింది వేరేలా ఉంది. నాలుగు ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్. అదీ పాయలేనా?

జవాబు: కాదు తమ్ముడూ, మంచి ప్రశ్న వేశావు. నీ మక్స్ నాలుగింటిలో ఒకదాన్నే ఎంచి పంపుతుంది, తక్కిన మూడూ ఆగాలి. దాన్ని వంతుల మీట అనొచ్చు. నా పెట్టెలో అన్నీ ఒకేసారి నడుస్తాయి, ఎవరూ ఎవరికోసం ఆగరు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే పేరు కావడం వల్ల పిల్లలు తికమకపడతారు. మనం రెండు మాటలు పెట్టుకుంటే ఆ బాధే ఉండదు.

*

వ్యాఖ్య: మాది కోనసీమ. మాకు పాయ అంటే గోదావరి పాయ. అయితే ఒక డౌటు. ఫిల్టర్లు విడివిడిగా చేసి ఒకచోట కలిపేస్తే సరిపోదా? ఇందులో కష్టమేముంది?

జవాబు: కష్టమంతా కలపడంలోనే ఉందండీ. దగ్గర్నుంచి చూస్తే అదొక అల్యూమినియం దిమ్మె. లోపల తొలిచిన గదులు, గోడలకు వెండి పూత, మూత మీద వరుసగా మరలు. ఒక మరను పావు చుట్టు తిప్పితే కొలిచే పరికరం తెర మీద గీత పక్కకు జరుగుతుంది. ఒక్కో ఫిల్టరును ఇలా చక్కగా కుదురుస్తాం. అన్నిటినీ ఒక గొట్టానికి కలపగానే అన్నీ చెడతాయి. జడలో ఒక పాయ బిగించి లాగితే పక్కది వదులైపోతుంది చూడండి, అలాగే. ప్రతి ఫిల్టరూ తక్కినవాటి ఫ్రీక్వెన్సీ దగ్గర అసలు అక్కడ లేనట్టే ఉండాలి. అందుకోసం ఆ గొట్టం పొడవులు, మరలు కలిపి మళ్లీ మళ్లీ సరిచేస్తాం.

రెండో కష్టం మీకు బాగా తెలిసిందే, గట్టు. రెండు మళ్ల మధ్య గట్టు వెడల్పు చేస్తే నేల దండగ, సన్నం చేస్తే నీరు పక్క మడిలోకి ఊరుతుంది. రెండు బ్యాండ్ల మధ్య వదిలే ఖాళీ కూడా అంతే. సీ బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీల్లో పనిచేసే ఉపగ్రహాల్లో మామూలుగా ఒక్కో ఛానల్ వెడల్పు 36 మెగాహెర్ట్జ్, ఒక ఛానల్ నడుమ నుంచి పక్కదాని నడుమకు దూరం 40. అంటే గట్టు నాలుగే. అంత సన్నగా ఉండాలంటే ఫిల్టరులో గదులు పెరగాలి. గదులు పెరిగితే తరుగు పెరుగుతుంది. ఎండకు గది కాస్త సాగినా బ్యాండు గట్టు దాటేస్తుంది కాబట్టి, వేడికి దాదాపు సాగని ఇన్వార్ అనే ఇనుము, నికెల్ మిశ్రమంతో ఆ గదులు చేస్తారు.

తరుగు అన్నది కంసాలి దగ్గరి మాటే. నగ చేసేటప్పుడు బంగారం కొంత పోయినట్టు, పెట్టె దాటేటప్పుడు సిగ్నల్ కొంత పోతుంది. దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తాం. అర డెసిబెల్ అంటే వినడానికి చిన్నదే. 10 కిలోవాట్ల ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌కు అది దాదాపు 1,100 వాట్లు. పెట్టెలోనే వేడిగా మారిపోతుంది. అందుకే కొనేటప్పుడు నేను ముందు అడిగేది తరుగు, తర్వాత విడబాటు. విడబాటు అంటే ఒక పాయలోది ఇంకో పాయలోకి ఎంత రాకుండా ఆగుతుందన్నది. 50 డెసిబెల్స్ అంటే లక్షలో ఒక వంతే దాటుతుంది.

*

వ్యాఖ్య: బాగుంది తల్లీ. మరి ఈ మాటలతో ఒక కొనుగోలు చీటీ రాసి చూపించు. చదివి అర్థమైతే మేమూ ఒప్పుకుంటాం.

జవాబు: హైదరాబాద్‌లో వినిపించే మూడు ఎఫ్ఎం స్టేషన్లనే తీసుకుంటాను మాస్టారూ.

“మూడు పాయల పెట్టె, ఒకటి. పాయలు: 91.1, 92.7, 93.5 మెగాహెర్ట్జ్. అన్నిటికంటే దగ్గరి పాయల మధ్య దూరం 0.8 మెగాహెర్ట్జ్. ఒక్కో పాయలో 10 కిలోవాట్లు. తరుగు ఏ పాయలోనూ అర డెసిబెల్ మించకూడదు. విడబాటు 50 డెసిబెల్స్‌కు తగ్గకూడదు. రాకపోకల పెట్టె పంపవద్దు.”