శ్రీశైలం ముంపు అవార్డు కాపీ ఎక్కడ దొరుకుతుంది?

నమస్తే అండీ. మాది కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉండిన ఊరు. శ్రీశైలం డ్యామ్ వల్ల 1981లో ఇళ్లు ఖాళీ చేయించారు. నాన్న పేరు మీదున్న నల్లరేగడి మొత్తం మునిగింది. పరిహారం కొంత వచ్చింది కానీ అవార్డు కాగితం (భూసేకరణలో పరిహారం ఖరారు చేస్తూ ఇచ్చే ఉత్తర్వు) ఇప్పుడు మా దగ్గర లేదు.

ఎండాకాలం నీళ్లు బాగా దిగితే ఊరి బావి గట్టు, గుడి అరుగు ఒండ్రులోంచి బయటపడతాయి. అమ్మ అక్కడ నాలుగు రాళ్లు చూపించి "ఇదే మన వాకిలి" అంటుంది. 308 టీఎంసీల జలాశయం పూడిక చేరి 215 దగ్గరికి వచ్చింది. పూడికకైనా లెక్క ఉంది, మా లాంటి కుటుంబాల గోడు ఏ లెక్కలోనూ లేదు.

ముంపు కుటుంబానికో ఉద్యోగమని 1986లో జీవో 98 ఇచ్చారు. నాన్న అప్పుడే అర్జీ పెట్టారు. ఆ ఫైలు గురించి ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసు పేరు చెబుతున్నారు. నాన్నకు వయసు మీద పడింది, అదే టెన్షన్.

పాత సర్వే నంబర్లు మాత్రం ఉన్నాయి. వాటితో ఆర్టీఐ కింద అడిగితే అవార్డు సర్టిఫైడ్ కాపీ ఇస్తారా? 2016లో నాగర్‌కర్నూల్ జిల్లా అయ్యింది కదా, దరఖాస్తు అక్కడ పెట్టాలా, మహబూబ్‌నగర్‌లోనా? ఇలా కాపీ తెచ్చుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.