ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పాలా, కొత్తది దొరికేదాకా దాచాలా?

మారతహళ్ళి కుర్రాడు

అందరికీ నమస్తే. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఆరేళ్లుగా బెంగళూరులో ఒకే కంపెనీలో టెస్టింగ్ పని. రెండు వారాల క్రితం మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ల్యాప్‌టాప్ ఆ రోజే తీసేసుకున్నారు, నోటీసు జీతం మాత్రం ఈ నెలాఖరు దాకా వస్తుంది. ఇంట్లో చెప్పలేదు. నాన్నకు బీపీ, షుగర్. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. రోజూ రాత్రి అమ్మ ఫోన్ చేసి "ఆఫీసు నుంచి వచ్చావా, అన్నం తిన్నావా" అంటుంది. "ఇప్పుడే వచ్చానమ్మా" అంటున్నాను. రూమ్మేట్లంతా దొరికేదాకా దాచమంటున్నారు. నాకేమీ పాలుపోవడం లేదు. మీరైతే చెబుతారా, దాస్తారా?

కడప అన్న

చెప్పొద్దు తమ్ముడూ. చెబితే మీ నాన్న ఏం చేయగలరు? ఇంటర్వ్యూ ఇప్పించలేరు, నిద్ర మాత్రం పోగొట్టుకుంటారు. మన ఊళ్ల సంగతి నీకు తెలియంది కాదు. అమ్మ పక్కింట్లో ఒక్క మాట అంటే చాలు, తెల్లారేసరికి "వాళ్ల బెంగళూరు అబ్బాయి ఉద్యోగం ఊడిందట" అని ఊరంతా పాకుతుంది. పెళ్లిచూపులకొచ్చేవాళ్లు అన్న ఏం చేస్తున్నాడని అడగక మానరు. సంబంధం తప్పిపోతే ఆ బాధ పడేది చెల్లెలు. పైగా ఇంట్లో తెలిస్తే రోజూ "ఏమైంది, వచ్చిందా?" అని ఫోన్లు. ఆ టెన్షన్‌తో ఇంటర్వ్యూలో నోరు పెగలదు. మన బరువు మనం మోయడాన్ని నేను అబద్ధం అనుకోను, అది బాధ్యత.

వైట్‌ఫీల్డ్ అక్క

కడప అన్నగారు ప్రేమతోనే చెప్పారు, ఊళ్ల గురించి ఆయన అన్నది అక్షరాలా నిజం. అయినా నేను ఒప్పుకోను. తమ్ముడూ, నాన్నగారికి బీపీ, షుగర్ ఉన్నాయి కాబట్టే చెప్పాలంటాను.

అమ్మానాన్నల పేర్లు మీ ఆఫీసు ఇన్సూరెన్స్‌లో ఉన్నాయా? చాలామందికి ఉంటాయి. మామూలుగా ఆఖరి పనిదినంతోనే ఆ కవర్ ఆగిపోతుంది. దేవుడు చల్లగా చూడాలి గానీ, వచ్చే నెల ఏ అర్ధరాత్రో ఒంగోల్లో ఆస్పత్రికి పరిగెత్తాల్సి వచ్చిందనుకో. అమ్మ బీరువాలోంచి ఆ కార్డే తీసుకెళ్లి కౌంటర్ మీద పెడుతుంది. "ఇది పనిచేయదమ్మా, మీ అబ్బాయి ఆ కంపెనీలో లేడు" అని అక్కడి మనిషి చెబుతాడు. ఆ పూట ఆవిడకు ఒకేసారి రెండు దెబ్బలు. దానికంటే నీ నోటితో వినడం మేలు కాదా?

నోటీసులోనే ఉన్నావు కాబట్టి ఇంకా టైమ్ ఉంది. గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంటుంది. ఈ వారమే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి అడుగు. నాన్నగారికి కొత్తగా తీసుకుంటే, ఇప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. మారేటప్పుడు ఆయన సంతకాలు, మందుల చీటీలు కావాలి. ఆయనకు చెప్పకుండా ఇవన్నీ ఎలా తెస్తావు?

ఇంకొకటి. దాచాలంటే జీతం వస్తున్నట్టే కనబడాలి. మా పక్కనే పీజీ హాస్టల్ ఉంది. అక్కడి వంటావిడ దగ్గర ఉద్యోగం పోయిందని ఒప్పుకున్న ఒక అబ్బాయి ఇప్పటికీ పొద్దున తొమ్మిదికల్లా బ్యాగు తగిలించుకుని మెట్లు దిగుతాడు, ఇంటి నుంచి వీడియో కాల్ వస్తే గదిలో దొరక్కూడదని. ఒకటో తారీఖున ఇంటికి పంపే డబ్బు ఆపలేక యాప్‌లో అప్పు తీసుకున్నాడట. అలాంటి స్థితిలో ఉన్నవాళ్ల కోసమే కొందరు కాచుకుని ఉంటారు: డబ్బు కట్టు, గ్యాప్ కనబడకుండా ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్పులు ఇస్తాం అని. ఏ నెల దాకా పీఎఫ్ పడిందో నీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల నంబరు) హిస్టరీలో ఉంటుంది, చేర్చుకునే కంపెనీ చూస్తే తెలిసిపోతుంది. నిజాయితీగా సంపాదించిన ఆరేళ్ల అనుభవం నీకుంది తమ్ముడూ. రెండు నెలల ఖాళీ దాచడానికి దాన్ని పాడుచేసుకోకు.

లెక్కల మాస్టారు

చెప్పడం, దాచడం మీ ఇష్టం. డబ్బు సంగతి మాత్రం వినండి. ఒకే కంపెనీలో అయిదేళ్లు దాటాయి కాబట్టి గ్రాట్యుటీ, అంటే అన్నేళ్లు పనిచేసినందుకు కంపెనీ ఇచ్చే మొత్తం, వస్తుంది. ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలకు 26 రోజులుగా లెక్కకడతారు. ఫైనల్ సెటిల్‌మెంట్‌లో అది ఉందో లేదో చూసుకోండి. పీఎఫ్ అవసరమైతే తీయండి గానీ అందులో పెన్షన్ భాగం ఉంటే దాన్ని ముట్టుకోకండి. పదేళ్ల సర్వీసు నిండితేనే పెన్షన్ హక్కు, మీకు ఆరు ఇప్పటికే ఉన్నాయి. తీసేస్తే మళ్లీ మొదటి నుంచి లెక్క. మీ గది అడ్వాన్స్ ఎంతో చూసుకోండి. ఈ ఊళ్లో కొన్ని ఇళ్లకు పది నెలల అద్దె దాకా కడతారు, అది కూడా మీ డబ్బే.

నెల్లూరు తండ్రి

నేను రైతును. మా అబ్బాయి కూడా బెంగళూరులోనే. పిల్లలు దాస్తే మాకు తెలియదనుకుంటారు. వీడియో కాల్ మానేసి ఉత్త ఫోన్ చేస్తుంటేనే ఏదో ఉందని తెలుస్తుంది బాబూ. ఏమైందో తెలియక పడే బాధే ఎక్కువ, జబ్బేమో, ప్రేమ గొడవేమో అని. ఇక మీ చెల్లి సంగతి. దాచి కుదిర్చిన సంబంధమైతే రేపు అత్తింట్లో మాట పడేది ఆ పిల్లే. అన్న ఉద్యోగం చూసి వచ్చేవాళ్లు రాకపోయినా నష్టం లేదు.

కడప అన్న

ఇన్సూరెన్స్ సంగతి నాకు తట్టలేదు, దానికి అక్కకు దండం. పెద్దాయన మాట కూడా కాదనను. కానీ అందరు తండ్రులూ మీలా ఉండరు. మా వైపు చాలా ఇళ్లలో "ఆ ఊరు చాలు, వచ్చి కొట్టు చూసుకో" అని మరుసటి రోజే బస్సు టికెట్ తీస్తారు. అలా వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లు నాకు తెలుసు. తమ్ముడూ, చెప్పేట్టయితే బెంగళూరులో ఎన్నాళ్లు ఉండి వెతుకుతావో, అందుకు చేతిలో ఎంత ఉందో తేల్చుకుని చెప్పు. ఉత్త చేతులతో చెప్పకు.

మారతహళ్ళి కుర్రాడు

అందరికీ థాంక్స్. అమ్మానాన్నల పేర్లు పాలసీలో ఉన్నాయి. పొద్దున హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టాను. గ్రాట్యుటీ, అడ్వాన్స్ కలిపి చూస్తే ఇంటికి పంపేది తగ్గించుకుంటే నాలుగు నెలలు ఇక్కడే ఉండి వెతకొచ్చు. ఈ శుక్రవారం శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీశాను. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని నాన్నకే చెబుతాను. పెళ్లివాళ్లకు చెప్పాలా వద్దా అన్నది చెల్లినే అడుగుతాను.