బందరు రేవుని ముంచింది సముద్రమా, మన బెజవాడా?

కృష్ణలంక గట్టు:

పోయిన ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ కింద కూర్చుని మాట్లాడుకుంటుంటే బందరు కొత్త పోర్టు సంగతి వచ్చింది. ఒకాయన "1864 ఉప్పెనతో బందరు పనైపోయింది. ఇన్నాళ్లకి పోర్టు కడుతున్నారు, మళ్లీ పాత రోజులొస్తాయి" అన్నారు. అందరూ అవునన్నారు. నాకు మాత్రం ఆ మాట గొంతు దిగలేదు. ఇక్కడ బందరు వైపు వాళ్లు, గుంటూరు వాళ్లు, లారీ పనిలో ఉన్నవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ రేవుని నిజంగా సముద్రమే ముంచిందా?

నా వాదన ముందే చెప్పేస్తాను. ముంచింది మన బెజవాడ.

1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో దాదాపు 30 వేలమంది పోయారు. ఆ ఘోరాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ అప్పటికే ఆ రేవులో ఏం మిగిలింది? గోల్కొండ సుల్తానులకి బందరే పెద్ద రేవు. డచ్చివాళ్లు 1605 ప్రాంతంలో, ఇంగ్లీషు వాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో అక్కడికి వచ్చి దుకాణం పెట్టారంటే ఆ ఊరి మీద మోజుతో కాదు, మన అద్దకం బట్ట కోసం. ఆ బట్ట పర్షియా దాకా పోయేది. 1641లో ఇంగ్లీషు వాళ్లు తమ పెద్ద స్థావరాన్ని మద్రాసుకి మార్చేశారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. ఆ తర్వాత లాంకషైర్ మిల్లు బట్ట వచ్చి మన బట్ట ఎగుమతిని తినేసింది. ఉప్పెన వచ్చేనాటికే రేవు మంచాన పడింది.

మిగిలిన ప్రాణం తీసింది ఆనకట్ట, కాలవలు, రైలు. 1855కల్లా బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు. ఏలూరు కాలవ మీద సరుకు కాకినాడ వైపు, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలవల మీద మద్రాసు వైపు పోవడం మొదలైంది. డెల్టా ధాన్యమంతా బెజవాడలో లెక్క తేలి, బందరు మొహం చూడకుండానే వెళ్లిపోయేది. 1889లో హైదరాబాదు వైపు నుంచి రైలు బెజవాడకి వచ్చింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. బందరుకి రైలు ఎప్పుడు వచ్చిందో తెలుసా? 1908లో. అప్పటికి వ్యాపారులు కొట్లు ఎత్తేసి ఇక్కడ స్థిరపడిపోయారు.

మా తాత బందరు కాలవ మీద పడవ నడిపినవాడు. గాలి లేనప్పుడు నడుముకి తాడు కట్టుకుని గట్టు మీద నడుస్తూ పడవని లాగేవారట. ఆయన ఎప్పుడూ ఒక మాట అనేవాడు: "పోయేటప్పుడు బరువు, వచ్చేటప్పుడు ఖాళీ." ఒక ఊరికి సరుకు వెళుతోంది గానీ ఆ ఊరి నుంచి ఏమీ రావడం లేదంటే అది ఇంక రేవు కాదు. ఆ మాట నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు.

బెజవాడలో మనం రోజూ తిరిగే బందరు రోడ్డుకి ఇప్పటికీ ఆ ఊరి పేరే. పారశీలో బందరు అంటేనే రేవు. రేవుని మనం తెచ్చేసుకుని, పేరు మాత్రం రోడ్డు మీద ఉంచుకున్నాం.

అరండల్‌పేట మాస్టారు:

గట్టు గారూ, మీరు రైలు తేదీలు బాగా పట్టుకున్నారు గానీ సముద్రం లోతు మరిచారు.

బందరు దగ్గర తీరం చాలా మెల్లగా దిగుతుంది. మంగినపూడిలో స్నానానికి దిగినవాళ్లకి తెలుసు, ఎంత దూరం నడిచినా నడుం లోతు రాదు, కాలికింద నల్లటి బురద. పెద్ద ఓడలు కొన్ని మైళ్ల దూరంలోనే లంగరు వేసుకునేవి. సరుకంతా చిన్న పడవల్లో మోసి ఎక్కించాలి. గోల్కొండ కాలంలో ఓడలు చిన్నవి కాబట్టి చెల్లింది. ఆవిరి ఓడలు వచ్చాక చెల్లలేదు. కృష్ణ ఏటా తెచ్చి పోసే ఒండ్రు దానికి తోడు. బెజవాడలో ఆనకట్ట లేకపోయినా, రైలు ఒక్కటీ రాకపోయినా, ఆ రేవు నిలిచేది కాదు.

కాకినాడలోనూ లోతు లేదు కదా అంటారేమో. నిజమే, అక్కడా దూరాన ఆగిన ఓడలకి నావల్లోనే సరుకు చేర్చారు. కానీ కాకినాడకి హోప్ ఐలాండ్ అడ్డం ఉంది. గోదావరి ఇసుక మేట వేసిన ఆ దిబ్బ గాలివానలో ఓడలకి చాటు. బందరుకి ఏ చాటూ లేదు, ఎదురుగా బంగాళాఖాతం ఒక్కటే.

మన కోస్తాలో రేవులు పుట్టడం, పోవడం కొత్త కాదు. మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకి అభయ శాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకుని రాజులు స్వాధీనం చేసుకునే పద్ధతిని తాను మానేశానని, సుంకం మాత్రమే తీసుకుంటానని అందులో ఉంది. ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో వచ్చి చూసిన రేవు అది. ఇప్పుడు వెళ్లి చూడండి, గుడి, ఇసుక, సరుగుడు చెట్లు. నిజాంపట్నం పెత్తపల్లిగా ఉన్నప్పుడు ఇంగ్లీషు ఓడ బందరు కంటే ముందు అక్కడే ఆగింది. ఈ రెండు రేవుల్నీ ఏ బెజవాడ ముంచింది?

ఇంకో మాట. గుంటూరు వాళ్లం మాకూ బందరు మీద హక్కుంది. 1859 నుంచి 1904 దాకా మేం కృష్ణా జిల్లాలోనే ఉన్నాం. కోర్టు పని ఉంటే మా ముత్తాతలు బందరు వెళ్లేవారు. అప్పటి బందరు రేవు పట్టణం కాదు, ప్లీడర్ల పట్టణం. రేవు పోయాకే ఆ ఊరు నిజంగా ఎదిగిందని నేనంటాను. 1902లో కృష్ణా పత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య గారి ఆంధ్రా బ్యాంకు, 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ. ఓడలు రాని ఊళ్లో పుట్టినవే ఇవన్నీ.

ఆటోనగర్ లారీ:

మాస్టారూ, పత్రిక, కళాశాల గొప్పవే, కాదనను. వాటితో కళాసీకి పూట గడిచిందా? రేవు పోయినప్పుడు ప్లీడరు పోలేదు. మోత మోసేవాడు, పడవ లాగేవాడు పోయారు. వాళ్లు బెజవాడ వచ్చి రైల్వే గూడ్స్ షెడ్డులో మూటలు మోశారు. ఆ మనుషుల లెక్క తీయకుండా ఊరు ఎదిగిందని ఎలా అంటారు?

నేను ఇరవై రెండేళ్లుగా లారీలు తిప్పుతున్నాను. గుంటూరు మిర్చి కంటెయినర్ ఎక్కువగా చెన్నై వైపే పోతుంది. 400 కిలోమీటర్ల దారి. బందరు అయితే గుంటూరు నుంచి వంద కిలోమీటర్లు అటూఇటూగా ఉంటుంది, బెజవాడ నుంచి 70. పొద్దున ఎక్కిస్తే మధ్యాహ్నానికి దించి, రాత్రికి డ్రైవరు ఇంటికొచ్చి పిల్లల్తో అన్నం తింటాడు. నాకు ఈ చర్చలో అదే ముఖ్యం. హైదరాబాదు నుంచి వచ్చే 65వ నంబరు హైవే ఆగేది కూడా బందరులోనే.

ఎవరు ముంచారన్నది తర్వాత. ఇప్పుడు తేలుతున్నప్పుడు అడ్డం పడకండి.

లాకుల పక్క:

అడ్డం పడటం కాదు అన్నా, అనుమానం. 2008 ఏప్రిల్‌లో శంకుస్థాపన, 2019 ఫిబ్రవరిలో పనుల ప్రారంభం, కట్టే కంపెనీతో ఒప్పందం రద్దు, 2023 మే 22న తపసిపూడి దగ్గర మళ్లీ శంకుస్థాపన. ఈసారి రూ. 5,156 కోట్ల అంచనా, మొదటి దశలో ఓడలు ఆగే బెర్తులు 4. అలలకి అడ్డంగా గోడలు, ఓడ వచ్చే దారి తవ్వకం. మాస్టారు చెప్పిన చాటుని ఈసారి రాళ్లతో కడుతున్నారన్నమాట. అది సాధ్యమే. కానీ తవ్విన దారి మళ్లీ పూడుతుంది, మళ్లీ తవ్వాలి. బందరు పక్కన గిలకలదిండి మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర చేపల పడవలు పూడిక వల్ల పోటు కోసం ఎన్నేళ్లు కాచుకున్నాయో మా మేనమామని అడిగితే చెబుతాడు. ఏటా తవ్వకానికి డబ్బు రావాలంటే ఏటా సరుకు రావాలి. కృష్ణపట్నం, కాకినాడ, గంగవరం, విశాఖ అన్నీ ఆ సరుకు కోసమే చూస్తున్నాయి.

కృష్ణలంక గట్టు:

మాస్టారూ, చాటు లేదన్న మాట ఒప్పుకుంటున్నాను. హోప్ ఐలాండ్ సంగతి నేను ఆలోచించలేదు. కానీ ఒకటి చూడండి. విశాఖ కూడా 1933 దాకా పెద్ద రేవు కాదు. కొండ చాటు ఉన్నా, తవ్వి కట్టాకే రేవు అయింది. డబ్బు పెట్టాలని ప్రభుత్వం అనుకుంది కాబట్టి పెట్టింది. బందరు మీద ఎందుకు పెట్టలేదు? పెట్టాల్సిన అవసరాన్ని బెజవాడ జంక్షన్ తీర్చేసింది కాబట్టి. లోతు లేకపోవడం జబ్బు అయితే, వైద్యం చేయించకపోవడం మనుషులు తీసుకున్న నిర్ణయం. నేను అడుగుతున్నది ఆ నిర్ణయం గురించే.

లారీ అన్నా, కళాసీల మాట మీరు అన్నారు, నేను అనాల్సింది అది. మా తాత కూడా చివరికి పడవ అమ్మేసి బెజవాడ కృష్ణలంక చేరాడు.

పెడన అద్దకం:

మూడు రోజులుగా చదువుతున్నాను. అందరూ సముద్రం గురించీ రైలు గురించీ మాట్లాడుతున్నారు, ఆ ఓడలు ఏ సరుకు కోసం వచ్చాయో ఆ సరుకు ఇంకా తయారవుతోందని ఎవరూ అనలేదు. అందుకే రాస్తున్నాను. మాది పెడన, బందరు పక్కనే. మా ఇంట్లో నాలుగు తరాలుగా అద్దకమే.

బట్టని ముందు ఉతికి, కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతాం. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీరు నల్ల రంగు. అచ్చు వేసినప్పుడు పలచగా కనిపిస్తుంది, కరక్కాయ తగిలి నల్లబడుతుంది. ఎరుపు రావాలంటే పటిక అద్ది, తర్వాత కాగులో వేరుతో ఉడకబెట్టాలి. పూర్వం చిరివేరు వాడేవారు, ఆ ఎరుపు కోసమే పర్షియా వాళ్లు పడి చచ్చేవారని మా అత్తగారు అంటుంటారు. టేకు అచ్చులు చెక్కే పనివాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు. రంగుకో అచ్చు. ఒక పువ్వుకి నాలుగు రంగులుంటే నాలుగు అచ్చులు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి.

అన్నిటికంటే ముఖ్యం పారే నీరు. కుండీలో జాడిస్తే మిగిలిన రంగు మళ్లీ బట్టకే అంటుకుంటుంది, మరకలు పడతాయి. కాలవలో అయితే అదనపు రంగు నీటితో వెళ్లిపోతుంది. కాలవ కట్టేసిన రోజుల్లో మాకు పని సగం ఆగిపోతుంది. గట్టు గారు బెజవాడ ఆనకట్ట బందరుని ముంచిందన్నారు. ఆ ఆనకట్ట స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే నీళ్లే ఇవాళ మా బట్టని బతికిస్తున్నాయి. రేవుకి చేటు చేసింది మా పనికి మేలు చేసింది. ఇది ఎవరి పక్షమో నాకు తెలియదు, జరిగింది మాత్రం ఇది.

చిలకలపూడి సంగతీ అంతే. రాగి మీద పలచని బంగారు పూతతో నగలు చేసే ఇళ్లు అక్కడ వీధులకి వీధులు. అది కూడా ఓడల మీద పెరిగిన పని కాదు. బస్సులో పెట్టె పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్ల వల్ల పెరిగింది. మాస్టారు చెప్పిన సైంటిఫిక్ కంపెనీ 1983లో బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్)లో కలిసి, ఇప్పుడు సైన్యానికి చీకట్లో చూసే పరికరాలు చేస్తోంది. బందరు అంటే నాకు ఇదీ. సన్నటి పని, ఓపిక, వేళ్ల నేర్పు. అది ప్లీడర్ల ఊరూ కాదు, బెర్తుల ఊరూ కాదు.

పోర్టు వద్దని నేననడం లేదు. మా చిన్నాడు అక్కడ ఉద్యోగం కోసం చూస్తున్నాడు. కానీ మా బట్ట ఓడలో పోదు, కొరియర్‌లో పోతుంది. మమ్మల్ని ఇప్పుడు దెబ్బ తీస్తున్నది స్క్రీన్ ప్రింటు. కెమికల్ రంగులతో గంటలో కొట్టి, కలంకారీ అని పేరు పెట్టి మా ధరలో మూడో వంతుకి అమ్ముతున్నారు. మచిలీపట్నం కలంకారీకి జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సరుకే అని చెప్పే గుర్తు, ఉంది. కొనేవాళ్లు ఆ గుర్తు అడగరు. మీ ఊళ్లోనే ఒక పెద్ద షోరూంలో నేను నిలబడి చూశాను, స్క్రీన్ బట్ట మీద "చేతి అద్దకం" అని చీటీ వేలాడుతోంది. ఇది తప్పండీ అంటే సేల్స్ అమ్మాయి నవ్వి ఊరుకుంది. ఇంటికొచ్చేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను.

ఆటోనగర్ లారీ:

అమ్మా, నిజం బట్టో కాదో మాలాంటి వాళ్లం ఎలా పోల్చుకోవాలి?

పెడన అద్దకం:

తిప్పి చూడండి అన్నయ్యా. అచ్చు పనిలో రంగు వెనక్కి దిగుతుంది, స్క్రీన్‌లో చాలావరకు పైనే ఆగిపోతుంది. దగ్గర పెట్టుకుని అంచు చూడండి, ఒక అచ్చు అయిపోయి రెండోది మొదలైన చోట సన్నని అతుకు కనిపిస్తుంది. అతుకు అసలు లేదంటే అనుమానించండి. వాసన చూసినా తెలుస్తుంది, కొత్త బట్టకి కరక్కాయ వాసన ఒక ఉతుకు దాకా ఉంటుంది.

అరండల్‌పేట మాస్టారు:

అమ్మా, నలభై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పాను. బందరు ఎగుమతులు అని బోర్డు మీద రాసి "అద్దకపు వస్త్రాలు" అని కింద గీత గీసేవాణ్ణి. ఆ గీత కింద కరక్కాయ, గేదె పాలు ఉన్నాయని ఒక్క పిల్లవాడికీ చెప్పలేదు. మీరు ఒప్పుకుంటే మా మనవరాళ్లని తీసుకుని వస్తాను. ఎప్పుడు రమ్మంటారు?

పెడన అద్దకం:

కాలవకి నీళ్లు వదిలి నాలుగు రోజులైంది మాస్టారూ. ఎండ కాస్తే ఈ శుక్రవారం జాడింపు పెట్టుకున్నాం. తొమ్మిదిలోపు వస్తే నీళ్లలో ఎరుపు వదిలేటప్పుడు చూడొచ్చు. గట్టు గారిని కూడా తీసుకురండి, వాళ్ల తాతగారు పడవ లాగిన కాలవ కూడా చూసి వెళ్లొచ్చు.