గ్రెయిన్లు చిన్నవయ్యాయి, బలం తగ్గింది. ఎందుకు?

శ్రీధర్: పొద్దుట్నుంచీ ఈ గ్రాఫులతోనే కుస్తీ, బుర్ర పనిచేయట్లేదు. అల్యూమినియం, జింకు కలిసిన ఏజెడ్31 మెగ్నీషియం మిశ్రమంలో గ్రెయిన్ (లోహంలోని చిన్న స్ఫటికం) సైజు 25 మైక్రాన్ల నుంచి 4కి తగ్గించాను. హాల్-పెచ్ సూత్రం ప్రకారం గ్రెయిన్ చిన్నదైతే బలం పెరగాలి కదా? తగ్గింది! మెషిన్ బాగానే ఉంది.

రఘురామ్: ముందు ఆ 4 ఎలా కొలిచారో చెప్పండి. గీత గీసి సరిహద్దులు లెక్కపెట్టారా, వైశాల్యం నుంచి వ్యాసం కట్టారా? రెండూ ఒకే అంకె ఇవ్వవు. పైగా మెగ్నీషియంలో ట్విన్ (గ్రెయిన్ లోపల అద్దంలో ప్రతిబింబంలా తిరిగిన భాగం) సరిహద్దులు కూడా ఎచింగ్‌లో (గ్రెయిన్లు కనబడేలా రసాయనం పట్టించడంలో) గీతల్లా కనిపిస్తాయి. వాటినీ కలిపేస్తే గ్రెయిన్ ఉన్నదానికంటే చిన్నదని తేలుతుంది. ఏఎస్‌టీఎం ప్రమాణంలోని గ్రెయిన్ నంబరైతే మరీను, నంబరు పెరిగేకొద్దీ గ్రెయిన్ చిన్నది. కొలత తేలకుండా బలం గురించి ఎంత మాట్లాడినా దండగే.

మాధవి: ఎలా తగ్గించారు? ఏ దిశలో లాగారు?

శ్రీధర్: ఎక్స్‌ట్రూడెడ్ (అచ్చు రంధ్రంలోంచి తోసి చేసిన) కడ్డీని ఈసీఏపీ (వంపు తిరిగిన దారిలోంచి నెట్టడం) చేశాను. పొడవునా లాగాను, ముందూ తర్వాతా.

ఇమ్రాన్: అసలు బలం అంటే ఏది? ఈల్డా (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి), అల్టిమేటా (తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి)? ఇక్కడ హార్డ్‌నెస్‌ని కూడా బలమనే రాస్తున్నారు.

శ్రీధర్: ఈల్డ్.

ఇమ్రాన్: మెగ్నీషియానికి 0.2 శాతం ప్రూఫ్ (అంత మేర శాశ్వతంగా సాగించే ఒత్తిడి) అని రాయాలి.

రఘురామ్: అందరూ ఈల్డ్ అనే అంటారు లెండి.

ఇమ్రాన్: అందరూ అంటే సరైపోతుందా?

మాధవి: శ్రీధర్ గారూ, ఇది టెక్స్చర్ (గ్రెయిన్లు ఎక్కువగా ఎటు తిరిగి ఉన్నాయన్నది) వల్ల. గది వేడిలో మెగ్నీషియం ముఖ్యంగా బేసల్ తలాల (స్ఫటికం అడుగు పొరల) మీదే సులువుగా జారుతుంది. ఎక్స్‌ట్రూడెడ్ కడ్డీలో ఆ తలాలు ఎక్కువగా పొడవుకు సమాంతరంగా ఉంటాయి కాబట్టి, పొడవునా లాగితే వాటి మీద షియర్ (పొరల్ని పక్కకు జరిపే ఒత్తిడి) దాదాపు ఉండదు. అందుకే కడ్డీ అంత గట్టిగా కనిపిస్తుంది. ఈసీఏపీలో అవి సుమారు 45 డిగ్రీలు వాలిపోతాయి, ఇక జారడం తేలిక. హాల్-పెచ్‌లో కె అనే స్థిరాంకాన్ని గ్రెయిన్ సైజు వర్గమూలంతో భాగిస్తే వచ్చేది బలానికి కలుస్తుంది; కె విలువ 250 అనుకుంటే (ఎంపీఏ అంటే మెగాపాస్కల్, మైక్రాన్లలో) 25 నుంచి 4కి వచ్చినందుకు 75 ఎంపీఏ పెరగాలి. వాలిన టెక్స్చర్ అంతకంటే ఎక్కువే లాగేసింది. సాగడం పెరిగిందా?

శ్రీధర్: చాలా పెరిగింది.

మాధవి: అయితే అదే. ఈసీఏపీ ముక్కల్నే వేర్వేరు ఉష్ణోగ్రతల్లో అనీల్ చేసి (వేడిచేసి గ్రెయిన్లను పెరగనిచ్చి), టెక్స్చర్ పెద్దగా మారలేదని ఎక్స్‌రేలో చూసుకుని, వాటిని ఒకదానితో ఒకటి పోల్చండి. హాల్-పెచ్ గీత సరైన వాలులో వస్తుంది. టెక్స్చర్ వేరైన ముక్కల్ని ఒకే గీత మీద పెట్టొద్దు.

కార్తీక్: ఇంత తంటా ఎందుకు, గ్రెయిన్లు చిన్నవవడానికి జిర్కోనియం కలిపితే పోలేదా?

మాధవి: అల్యూమినియం ఉన్నచోట పనిచేయదు. రెండూ కలిసి సమ్మేళనమైపోతాయి, గ్రెయిన్లకు ఏమీ మిగలదు.

శ్రీధర్: థ్యాంక్సండీ. ఫర్నేస్ ఖాళీ అవగానే పెడతాను.

రఘురామ్: ఎచింగ్ దేంతో చేశారో ఇంకా చెప్పలేదు.