టీవీ షో ఉచితంగా కట్టించి ఇచ్చిన ఇంటిపై ఆదాయపు పన్ను అడగడం న్యాయమేనా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం):
అమెరికాలో ఏబీసీ ఛానల్ 2003లో మొదలుపెట్టి 2012 వరకు ప్రసారం చేసిన ‘ఎక్స్‌ట్రీమ్ మేకోవర్: హోమ్ ఎడిషన్’ కార్యక్రమంలో, కష్టాల్లో ఉన్న కుటుంబాన్ని వారం రోజులు విహారయాత్రకు పంపించి, వారు తిరిగి వచ్చేలోగా ఇంటిని పూర్తిగా బాగుచేసి, చాలాసార్లు పాతదాన్ని కూల్చి కొత్తది కట్టి అప్పగించేవారు. అక్కడి చట్టం ప్రకారం షోలో బహుమతిగా వచ్చింది వస్తువైనా దాని మార్కెట్ విలువ ఆదాయమే. 2004లో టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే షోలో 276 మందికి పాంటియాక్ కార్లు ఇచ్చినప్పుడు, ఒక్కొక్కరిపై దాదాపు 7 వేల డాలర్ల దాకా పన్ను పడవచ్చని తెలిసి జనం విస్తుపోయారు. కారైతే అమ్ముకుని పన్ను కట్టవచ్చు. కాపురం ఉంటున్న ఇంట్లో కొత్త వంటగదిని ఎవరికి అమ్ముతారు? చేతికి రూపాయి రాని చోట పన్ను అడగడం అన్యాయమని నా అభిప్రాయం.

లెక్కల పుస్తకం:
టెక్సస్‌లో పన్ను రిటర్నులు తయారుచేయడం నా వృత్తి కాబట్టి ముందు లెక్క చెబుతాను. ఏడాదికి 50 వేల డాలర్లు సంపాదించే దంపతులకు 3 లక్షల డాలర్ల విలువైన పని జరిగి, అదంతా ఆదాయమే అయితే, 2006 నాటి రేట్ల ప్రకారం వారిపై అదనంగా పడే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను 80 వేల డాలర్లు దాటుతుంది. అది వారి ఏడాది జీతం కన్నా ఎక్కువ. ఈ భారం పడకుండా నిర్మాతలు ఆ ఇంటిని చిత్రీకరణ జరిగే కొద్ది రోజులకు అద్దెకు తీసుకున్నట్టు చూపించారు. సొంత నివాసాన్ని ఏడాదిలో 15 రోజులకన్నా తక్కువ అద్దెకిస్తే ఆ అద్దె ఆదాయంలోకి రాదని అక్కడి చట్టం 280ఏ సెక్షన్‌లో ఉంది. జార్జియా రాష్ట్రంలోని ఆగస్టా నగరంలో గోల్ఫ్ పోటీల వారంలో ఇళ్లు అద్దెకిచ్చుకునే వారికి బాగా పనికొచ్చిన నిబంధన అది. కానీ వారం రోజులు ఇల్లు అద్దెకిచ్చినందుకు ప్రతిఫలంగా 3 లక్షల డాలర్ల ఇల్లు వచ్చిందంటే నమ్మడం కష్టం. పేరుకు అద్దె, నిజానికి బహుమతి అని పన్ను శాఖ వాదిస్తే కాదనడానికి నా దగ్గర గట్టి సమాధానం లేదు.

పాత పెంకుటిల్లు:
లెక్కల పుస్తకం గారు 109వ సెక్షన్‌ను ప్రస్తావించలేదు. 1940లో బ్రూన్ కేసులో, అద్దెదారు పాత భవనం పడగొట్టి కట్టిన కొత్త భవనం లీజు రద్దై యజమాని చేతికి వచ్చినప్పుడు, పెరిగిన 51 వేల డాలర్ల పైచిలుకు విలువ ఆ యజమానికి ఆదాయమేనని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. డబ్బు చేతికి రాకుండానే పన్ను కట్టించే ఆ పద్ధతి కొనసాగకూడదనే 1942లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చట్టం మార్చి, అద్దెదారు చేసిన అటువంటి నిర్మాణాల విలువను యజమాని ఆదాయం నుంచి మినహాయించింది. ఇప్పటి 109వ సెక్షన్ అదే. ఆ పనిని అద్దె కింద లెక్కవేస్తే 15 రోజుల నిబంధన కాపాడుతుంది, అద్దె కాదంటే 109 కాపాడుతుంది. కృష్ణాతీరం గారి బాధనే కాంగ్రెస్ ఎనభై ఏళ్ల క్రితం గుర్తించింది.

లెక్కల పుస్తకం:
ఆ రెండు సెక్షన్లూ నిజమైన అద్దె ఒప్పందం ఉన్నప్పుడే పనికొస్తాయి, నా సందేహమంతా అక్కడే ఉంది. పోనీ, పుచ్చుకున్నవారికి ఆదాయపు పన్ను పడని కానుక అందామంటే, 1960లో డ్యూబర్‌స్టీన్ కేసులో, ఖాతాదారులను పరిచయం చేసినందుకు వ్యాపారి పంపిన క్యాడిలాక్ కారు కూడా కానుక కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఏ లాభాపేక్షా లేని ఉదారత ఉంటేనే అది కానుక. ఇరుగుపొరుగువారు చందాలు వేసుకుని ఇచ్చిన డబ్బు ఆ కోవలోకి వస్తుంది. ప్రకటనల ఆదాయం కోసం ఛానల్ కట్టించిన ఇల్లు రాదు.

హైదరాబాదీ:
మన దేశంలో గేమ్ షోలో గెలిచిన దానిపై నేరుగా 30 శాతం పన్ను, ఆపైన సెస్సు ఉంటాయి. బహుమతి వస్తు రూపంలో ఉంటే, పన్ను కట్టారని రూఢి చేసుకున్నాకే నిర్వాహకులు దాన్ని విడుదల చేయాలి. గెలిచినవారికి నోటీసు వచ్చేదాకా విషయం తెలియకపోవడం అనే ప్రమాదం ఆ విధంగా తప్పుతుంది. అమెరికాలోనూ ఆ పన్నును ఛానలే కట్టాలని నిర్బంధిస్తే సరిపోతుంది కదా?

లెక్కల పుస్తకం:
మంచి మాటే, కానీ ఛానల్ కట్టే పన్ను కూడా ఆ కుటుంబానికి ఆదాయమే. ఉద్యోగి పన్నును యజమాని కట్టినా అది ఉద్యోగి ఆదాయంలోకే వస్తుందని 1929లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 30 శాతం రేటు మీద లక్ష డాలర్ల బహుమతికి 30 వేలు ఇస్తే చాలదు, దాదాపు 43 వేలు ఇవ్వాలి. అయినా మీ సూచనతో ఏకీభవిస్తున్నాను, ఎందుకంటే ఆ ఖర్చు భరించగలిగింది ఛానల్ ఒక్కటే.

కృష్ణాతీరం:
పన్ను చట్టబద్ధమని ఒప్పుకుంటాను, న్యాయమని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఇందులో ఇంకో భారం ఉంది: ఆదాయపు పన్ను సమస్య తీరినా, పెరిగిన ఇంటి విలువ మీద స్థానిక ఆస్తి పన్ను ఏటా వస్తూనే ఉంటుంది. ఆస్తి పన్ను పెరుగుదలకు పరిమితి ఉన్న కాలిఫోర్నియాలో సైతం కొత్తగా కట్టిన భాగానికి మళ్లీ విలువ కడతారు. పెద్ద ఇంటికి కరెంటు, బీమా ఖర్చులు వేరే. ఒప్పందం మీద సంతకం చేయించుకునే ముందే, ఆదాయపు పన్ను ఎవరు కడతారో, ఆస్తి పన్ను ఎంత పెరగవచ్చో ఆ కుటుంబానికి కాగితం మీద రాసి ఇవ్వాలని, అది చూసి వద్దనే అవకాశం కూడా ఇవ్వాలని నేను కోరుతున్నాను.