ఆఫీసు పాత హార్డ్ డిస్కులు వదిలించుకునే ముందు డేటా మళ్ళీ దొరక్కుండా చెయ్యాలి, ఎలా?

లెక్కల_పద్దు (మారతహళ్ళి, బెంగళూరు)

ఆడిటింగ్ ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేస్తున్నాం. క్లయింట్ల పాన్, ఆధార్ కాపీలు, ఐటీ రిటర్నులు, ట్యాలీ డేటా అన్నీ వాటిలోనే ఉన్నాయి. డిస్కులు మూడు. డెస్క్‌టాప్‌ది 500 జీబీ, బాగా పనిచేస్తోంది. ల్యాప్‌టాప్‌ది 320 జీబీ, టక్ టక్‌మంటుంది, విండోస్‌లో కనబడదు. మూడోది 120 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, అదీ పనిచేస్తోంది.

500 జీబీ దాన్ని ఫార్మాట్ కొట్టాం. అది చాలదని ఒకరు, 35 సార్లు తిరగరాయాలని ఇంకొకరు, అయస్కాంతం రుద్దితే సరిపోతుందని మరొకరు అంటున్నారు. ఎస్పీ రోడ్డులో పాతవి కొనేవాళ్ళకి ఇచ్చేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

సున్నా_సెక్టార్

ఇంకా ఎవరికీ ఇవ్వకండి. క్విక్ ఫార్మాట్ అంటే లెడ్జర్ ముందున్న ఇండెక్సు పేజీ చింపేసినట్టే, లోపలి పద్దులు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాం చాలు, పాన్ కార్డు స్కాన్లు బయటికి లాగడానికి. ‘క్విక్’ టిక్కు తీసేసి చేసే ఫార్మాట్ వేరు. విస్టా నుంచి అది పార్టిషన్ అంతా సున్నాలు రాస్తుంది. ఎక్స్‌పీలో అయితే చెడిన సెక్టార్లు వెతకడం తప్ప పాత డేటా జోలికి పోదు. ఏదైనా అది ఒక్క పార్టిషన్‌కే. సీ డ్రైవు కొట్టి డీ మర్చిపోవడం అందరూ చేసే పొరపాటు.

35 సార్ల మాట కంప్యూటర్ భద్రతా పరిశోధకుడు పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పేపర్ నుంచి వచ్చింది. అప్పటి డిస్కుల మీద డేటా రాసే రకరకాల ఎన్‌కోడింగ్ పద్ధతులన్నిటికీ కలిపి వేసిన లెక్క అది. ఇప్పటి డ్రైవులకి అన్ని సార్లు అర్థం లేదని ఆయనే తర్వాత రాశారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన 800-88 మార్గదర్శకాలు కూడా తిరిగే డిస్కుకి ఒక్కసారి పూర్తిగా రాస్తే చాలన్నాయి. కష్టం ఎన్నిసార్లు అన్నదాంట్లో లేదు, ‘పూర్తిగా’ అన్నదాంట్లో ఉంది.

మీ 500 జీబీకి ఇలా చెయ్యండి. దాన్ని ఇంకో కంప్యూటర్‌కి రెండో డిస్కుగా తగిలించండి. అక్కర్లేని మిగతా డ్రైవుల సాటా కేబుళ్ళు పీకేయండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్, తర్వాత లిస్ట్ డిస్క్ అని టైప్ చెయ్యండి. సైజు చూసి నంబర్ గుర్తుపట్టండి, 500 జీబీది దాదాపు 465 అని చూపిస్తుంది. సెలెక్ట్ డిస్క్ అని ఆ నంబర్ కొట్టి, మళ్ళీ ఒకసారి లిస్ట్ డిస్క్ చూసి నక్షత్రం గుర్తు సరైన వరసలోనే ఉందని రూఢి చేసుకోండి. అప్పుడు క్లీన్ ఆల్ కొట్టండి, అది డిస్కంతా సున్నాలు రాస్తుంది. ఇది “నిజమేనా?” అని అడగదు, ఎంటర్ కొట్టగానే మొదలైపోతుంది. ‘ఆల్’ మర్చిపోయి ఒక్క క్లీన్ కొడితే పార్టిషన్ వివరాలు మాత్రమే పోతాయి, డేటా కదలదు. సైఫర్ కమాండ్ కూడా చాలామంది చెబుతారు. అది ఖాళీ జాగానే తుడుస్తుంది, ఉన్న ఫైళ్ళని ముట్టుకోదు.

ముందే డ్రైవు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో 05 (పక్కన పెట్టిన సెక్టార్లు), సీ5 (చదవలేక అనుమానంలో ఉంచినవి) వరసలు చూడండి. 05 వరసలో ‘రా వాల్యూస్’ కింద సున్నా కాని అంకె ఉందంటే డ్రైవు కొన్ని చెడ్డ సెక్టార్లని పక్కన పెట్టేసిందని అర్థం. మీరు రాసే సున్నాలు అక్కడికి చేరవు, పాత ముక్కలు అక్కడే ఉండిపోవచ్చు. క్లీన్ ఆల్ మధ్యలో ఐ/ఓ ఎర్రర్ (రాయలేకపోయానని) ఇచ్చి ఆగితే ఆ తర్వాతి భాగమంతా తుడవలేదన్నట్టే. అలాంటి డ్రైవుని అమ్మొద్దు, పగలగొట్టాల్సిందే.

అయ్యాక డిస్కులోని బైట్లు ఉన్నదున్నట్టు చూపించే హెచ్ఎక్స్‌డీ ప్రోగ్రాంలో డిస్కుని రీడ్ ఓన్లీగా తెరిచి మొదలు, నడుమ, చివర చూడండి. అంతటా 00 కనబడాలి. ఈ ఒక్క పని వదిలేస్తే మిగతా శ్రమంతా నమ్మకం మీద వదిలేసినట్టే.

నాండ్_గది

ఎస్ఎస్‌డీకి పై పద్ధతి వాడకండి. అందులో తిరిగే పళ్ళేలు ఉండవు, డేటా మెమరీ చిప్పుల్లో ఉంటుంది. మీరు ఒక చోట రాయమంటే దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ అరుగుదల సమంగా పంచడానికి ఇంకో చోట రాస్తుంది. పైగా మీకు కనబడని అదనపు చోటు కొంత ఉంటుంది. దానికి డ్రైవు తనే మొత్తం చెరుపుకునే సెక్యూర్ ఎరేజ్ ఆదేశమే ఇవ్వాలి, తయారీ కంపెనీ టూల్ నుంచి గానీ, ఉంటే బయోస్ మెనూ నుంచి గానీ. లినక్స్ తెలిస్తే అందులో హెచ్‌డీపార్మ్ అనే కమాండ్ నుంచి.

డ్రైవుని మదర్‌బోర్డు సాటా పోర్టుకే నేరుగా తగిలించండి. యూఎస్‌బీ అడాప్టర్లు చాలావరకు ఈ ఆదేశాన్ని డ్రైవు దాకా పోనివ్వవు. ‘ఫ్రోజెన్’ అని వస్తే బయోస్ తాళం వేసిందన్నమాట. కంప్యూటర్‌ని ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపితే మామూలుగా ఊడిపోతుంది. హెచ్‌డీపార్మ్ పద్ధతిలో ముందు ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టాలి. దాన్ని కాగితం మీద రాసుకోండి. మధ్యలో కరెంటు పోతే డ్రైవు ఆ పాస్‌వర్డ్‌తోనే లాక్ అయి ఉంటుంది. యూపీఎస్ మీద పెట్టి చెయ్యండి, ఎక్కువసేపు పట్టదు.

టార్క్స్_8

అయస్కాంతం సంగతి. ఇంట్లో దొరికేవాటితో డేటా పోదు. హార్డ్ డిస్కు లోపలే, డేటా ఉండే గుండ్రటి పళ్ళేలకి పక్కనే, గట్టి నియోడిమియం అయస్కాంతాలు ఉంటాయి. వాటి పక్కన ఏళ్ళ తరబడి డేటా భద్రంగానే ఉంటోంది కదా. చాలా బలమైన అయస్కాంత క్షేత్రంతో డిస్కుని చెరిపే డీగాసర్ యంత్రం వేరే సంగతి. ఎస్ఎస్‌డీకి అదీ పనికిరాదు, అందులో అయస్కాంతంతో రాసిందేమీ లేదు.

టక్ టక్‌మనే 320 జీబీకి సాఫ్ట్‌వేర్ దారి లేదు. కంప్యూటర్‌కి కనబడకపోయినా పళ్ళేల మీద డేటా ఉంటుంది, రికవరీ ల్యాబు పళ్ళేల్ని చదివే హెడ్లు మార్చి చదవగలదు. ల్యాప్‌టాప్ డ్రైవుల్లో పళ్ళేలు ఎక్కువగా గాజువి. మూత విప్పకుండానే మందపాటి గోనెసంచిలో రెండు చుట్లు చుట్టి, సిమెంటు నేల మీద పెట్టి, బరువైన సుత్తితో నడుమ కొట్టండి. ఊపితే లోపల గలగలమనాలి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఆ గాజు పెంకులు చాలా పదును, మూత తెరిచి చూడాలనుకోవద్దు.

డెస్క్‌టాప్ 3.5 అంగుళాల వాటిలో పళ్ళేలు ఎక్కువగా అల్యూమినియంవి, సుత్తికి వంగుతాయే గానీ పగలవు. వాటికి డ్రిల్లే. బల్లకి బిగించి, 6 మి.మీ. లోహం బిట్‌తో నడిమి మోటారు తప్పించి దాని చుట్టూ మూడు నాలుగు బెజ్జాలు, ఆ వైపు నుంచి ఈ వైపుకి. మూత విప్పదలిస్తే టీ8 టార్క్స్ కావాలి. ఒక స్క్రూ లేబుల్ కింద దాగి ఉంటుంది, అది తీయకుండా మూత రాదు.

ఎస్ఎస్‌డీని పగలగొట్టాల్సి వస్తే తప్పకుండా డబ్బా విప్పండి. చవక 120 జీబీ వాటిలో లోపలి బోర్డు చిన్నది, మిగతాదంతా ఖాళీ. గుడ్డిగా బెజ్జం పెడితే ఖాళీలో పడుతుంది. మెమరీ చిప్ ప్రతి ఒక్కటీ విరగాలి. నిప్పులో వేయడం, యాసిడ్ పోయడం మాత్రం వద్దు, ఆ పొగ పీల్చకూడనిది.

లెక్కల_పద్దు

అందరికీ ధన్యవాదాలు. క్లీన్ ఆల్ కొట్టి గంటన్నర అయింది, తెర మీద ఏ కదలికా లేదు. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి చేస్తున్నాను. ఆగిపోయిందా?

సున్నా_సెక్టార్

ఆగలేదనుకుంటా, ఆ కమాండ్ ఎంత శాతం అయిందో చూపించదు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి ఆ డిస్కు రాత వేగం చూడండి. సెకనుకి 100 ఎంబీ ఉంటే 500 జీబీకి గంటా ఇరవై నిమిషాలు, లోపలి ట్రాకుల్లో వేగం తగ్గుతుంది కాబట్టి ఇంకాస్త. 30 దగ్గర ఆడుతుంటే మీ డబ్బా యూఎస్‌బీ 2.0 మీద నడుస్తోంది, నాలుగున్నర గంటలు దాటుతుంది. కదపకండి, కంప్యూటర్ స్లీప్‌లోకి పోకుండా సెట్టింగు మార్చండి.

అది హెచ్ఎక్స్‌డీలో శుభ్రంగా తేలితే ఎస్పీ రోడ్డులో అమ్ముకోవచ్చు. పగలగొట్టినవి గుజిరీకి వేయకుండా, కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల రీసైక్లర్‌కి ఇవ్వండి. పగలగొట్టే ముందే వాటి సీరియల్ నంబర్లు ఫొటో తీసి పెట్టుకోండి, వాళ్ళిచ్చే సర్టిఫికెట్‌లో ఆ నంబర్లే రాయించాలి. ఆఫీసు జిరాక్స్ మెషీన్ కూడా మారుస్తుంటే దాని లోపలా హార్డ్ డిస్కు ఉందేమో అడగండి. పెద్ద మోడళ్ళలో ఉంటుంది, స్కాన్ చేసిన కాగితాలు అందులోనూ మిగులుతాయి.